తప్పు సినిమాదా, హాలుదా?

ఫైటింగు సినిమాలు, సాహస యాత్రల సినిమాలు చూసి మీకేమనిపిస్తుందో రాయమన్నాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకోళ్ళ కన్నా ఫిర్యాదులే ఎక్కువ. అయితే సినిమా మీద పడ్డ నిందల్లో చాలావాటికి హాలో, ఇంట్లో టీవీయో జవాబు చెప్పుకోవాలి. ఏది ఎవరిదో వీలైనంత వరకు విడదీశాం.

పాత సినిమాల్లో ఫైటింగు నిదానంగా ఉన్నా ఎవరు ఎవర్ని కొట్టారో తెలిసేది. ఇప్పుడు మోత తప్ప ఏమీ తెలీడం లేదు. నా కళ్ళకు వయసొచ్చిందా, వాళ్ళకు తీయడం చేతకావడం లేదా? – కావలి పాఠకురాలు

కళ్ళజోడు మార్పించుకోకండమ్మా, లోపం అటువైపే ఉంది.

ముందు ఒక్క గుద్దు ఎలా తీస్తారో చూడండి. దెబ్బ తినేవాడి వెనక, భుజం మీదుగా కెమెరా పెడతారు. కొట్టేవాడి పిడికిలి చెంపకు తగలదు. జానెడు దూరంలో, ముఖం ముందు నుంచి అడ్డంగా దూసుకుపోతుంది. కెమెరాను దూరంగా జరిపి లాంగ్ లెన్సుతో తీస్తే ఆ జానెడు సందు కనపడకుండా అణిగిపోతుంది. పిడికిలి చెంప దగ్గరికి వచ్చిన క్షణానే తల తిరగాలి. ముందే తిప్పితే వీధి నాటకం, ఆలస్యమైతే తుస్సు. కొందరు సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22 తోనే తీస్తారు. తెర మీద 24 వేగంతో నడిచేసరికి చెయ్యి కాస్త చురుగ్గా కదిలినట్టుంటుంది. చప్పుడు తర్వాత స్టూడియోలో అతికిస్తారు. ఇదే గుద్దును పక్క నుంచి తీస్తే సందు బయటపడి పరువు పోతుంది.

అంటే ప్రతి దెబ్బకూ ఒక కోణం వెతకాలి, నటులు నాలుగైదు సార్లు రిహార్సల్ చేయాలి. దానికి రోజులు కావాలి. రోజులు లేనప్పుడు, హీరోకు సాధన లేనప్పుడు, డూప్ ముఖం దాచాల్సి వచ్చినప్పుడు దొరికే అడ్డదారి ఒకటే: కెమెరాను ఊపు, షాట్‌ను అర సెకనుకే తెంచు. కొత్త షాట్ పడగానే ఎక్కడ చూడాలో వెతుక్కోవడానికి కంటికి కొంత వ్యవధి కావాలి. అది దొరికేలోపే ఇంకో షాట్ పడితే మిగిలేది మోతే.

రెండో తప్పు గీత దాటడం. కొట్టుకునే ఇద్దర్నీ కలుపుతూ ఒక గీత ఉందనుకోండి. కెమెరా దానికి ఒకే వైపున ఉన్నంతసేపూ హీరో ఎడమన, విలన్ కుడిన నిలకడగా ఉంటారు. అటువైపు నుంచి తీసిన షాట్ అతికించారా, ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. మీకు తెలియకుండానే బుర్ర తికమకపడుతుంది.

వేగమే పాపమనుకోకండి. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్’ రెండు గంటల సినిమా. అందులో సుమారు 2,700 షాట్లున్నాయి. సగటున షాట్‌కు మూడు సెకన్లు కూడా రావు. అయినా కన్ను తడబడదు, ఎందుకంటే చూడాల్సిన మనిషిని, బండిని వీలైనంతవరకు తెర నడిమధ్యనే ఉంచారు. షాట్ మారినా చూపు జరగక్కర్లేదు. ఆ ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇంట్లో చూస్తున్నప్పుడు ఓ పరీక్ష పెట్టండి. ఫైటు మొదలవగానే మ్యూట్ నొక్కి ఒక నిమిషం చూసి ఆపేయండి. ‘వీడు తలుపు దగ్గర, వాడు మెట్ల మీద, కత్తి నేల మీద’ అని పక్కవాళ్ళకు చెప్పగలిగితే ఆ ఫైటు బాగా తీసినట్టే. చెప్పలేకపోతే ఇన్నాళ్ళూ మిమ్మల్ని కూర్చోబెట్టింది సంగీత దర్శకుడని అర్థం.

ఒక్కడు యాభై మందిని కొడతాడు, సరే. ఆ యాభై మంది ఒక్కొక్కళ్ళే ఎందుకు వస్తారండీ, రేషన్ షాపు కాడ క్యూ కట్టినట్టు? – ఆత్మకూరు పాఠకుడు

ఒకేసారి నలుగురు మీద పడితే నిజంగానే దెబ్బలు తగులుతాయి కాబట్టి. తెలివైన ఫైట్ మాస్టర్ ఆ క్యూ కనపడకుండా కారణం కల్పిస్తాడు. సందు ఇరుకు చేస్తాడు, అడ్డంగా బల్ల పెడతాడు, పడ్డవాడి కాలు తట్టుకుని వెనకవాడు పడేలా చేస్తాడు. ఈసారి హీరోను వదిలేసి వెనక వరసలో వాళ్ళను చూడండి. కర్ర ఊపుతూ ఉన్నచోటే గంతులేస్తుంటే వాళ్ళకు పని కల్పించలేదని తెలిసిపోతుంది.

మా ఊరి హాల్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ గుండెల మీద కొడుతుంది గాని మాట ఒక్కటీ వినపడదు. ఈ మధ్య సినిమాలన్నీ ఇట్టాగే తగలబడ్డాయా? – ఒంగోలు పాఠకుడు

అన్ని సినిమాలకూ అదే జబ్బు ఉంటే అనుమానించాల్సింది హాలునే.

5.1 ఏర్పాటులో తెర వెనక ఎడమ, మధ్య, కుడి మూడు స్పీకర్లు, గోడలకు రెండు వరసల సరౌండ్లు, అడుగున దడదడలకు సబ్‌వూఫర్ ఉంటాయి. మాటలు దాదాపు పూర్తిగా మధ్య స్పీకర్‌లోంచే వస్తాయి. ఆ ఒక్కటి దెబ్బతింటే మాట పోయి మిగతా మోతంతా మిగులుతుంది. దాంట్లోనూ కింది వూఫర్ పనిచేస్తూ పైన హార్న్ డ్రైవర్ కాలిపోయి ఉంటే గొంతు వినిపిస్తుంది, అక్షరాలు వినిపించవు. స, శ, చ, ట లాంటి హల్లుల పదును ఆ పై భాగం నుంచే వస్తుంది.

రెండో కారణం ఫేడర్, అంటే హాలు సౌండ్‌ను పెంచే, తగ్గించే మీట. స్టూడియోలో ప్రాసెసర్ మీద ఫేడర్‌ను 7 దగ్గర ఉంచి సౌండ్ కలుపుతారు. హాల్లోనూ అంతే ఉండాలని లెక్క. కానీ ముందు వేసే యాడ్లు చెవులు చిల్లులు పడేలా ఉంటాయి. జనం అరిస్తే ఆపరేటర్ 5కో, అంతకన్నా కిందికో దించుతాడు. సినిమా మొదలయ్యాక మళ్ళీ ఎత్తడం మరిచిపోతాడు. సినిమా సౌండంతా సమంగానే తగ్గుతుంది. ఏసీ హోరు, జనం గోల మాత్రం తగ్గవు. మెల్లగా చెప్పిన మాట వాటి కింద మునిగిపోతుంది, పేలుడు మాత్రం బతికిపోతుంది.

ఎవరిది తప్పో తేల్చడానికి సినిమాకు ముందు వేసే పొగాకు హెచ్చరిక ప్రకటన పనికొస్తుంది. అన్ని హాళ్ళలోనూ వేస్తారు, అందరికీ కంఠతా వచ్చు. మాటలు తెలిసినవే కాబట్టి అర్థమైందా లేదా అని చూడకండి. ‘స’లు, ‘శ’లు బుసకొట్టినట్టు స్పష్టంగా వస్తున్నాయా అని వినండి. నోట్లో గుడ్డ కుక్కినట్టుంటే స్పీకర్ తప్పు. అవి శుభ్రంగా ఉండి, ఫేడర్ కూడా దించకుండా ఉండి, సినిమాలో మాటలే మునిగితే సౌండ్ కలిపినవాళ్ళ తప్పు.

ఇంటర్వెల్లో వెళ్ళి ‘సౌండ్ బాలేదు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘సెంటర్ హార్న్ పలుకుతోందా చూడండి, ఫేడర్ ఎంతలో ఉంది?’ అని అడిగితే లేచి చూస్తారు. సీటు కూడా ముఖ్యమే. మధ్య గీత మీద, ముందు నుంచి లెక్కేస్తే మూడింట రెండొంతులు వెనక్కి కూర్చోండి. బాల్కనీ కింద చివరి వరసల్లో దడ పెరిగి మాట మందగిస్తుంది, టికెట్ ఎంతదైనా సరే.

3డీ అని ఎక్కువ డబ్బులు పెట్టి వెళ్తే అంతా మబ్బు పట్టినట్టుంది. దండగేనా? – నెల్లూరు, పొగతోట పాఠకుడు

చాలాసార్లు దండగే. 2డీ సినిమాకు తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే కొలత) వెలుగు ఉండాలని ప్రమాణం. ఎక్కువ హాళ్ళలో ఉండే 3డీ పద్ధతిలో ఒకే ప్రొజెక్టర్ కుడి కంటికో బొమ్మ, ఎడమ కంటికో బొమ్మ వంతులవారీగా వేస్తుంది. దాని ముందున్న ఫిల్టర్ కొంత వెలుగు మింగుతుంది, మీ కళ్ళజోడు ఇంకొంత మింగుతుంది. చివరికి కంటికి చేరేది అసలు వెలుగులో మూడో వంతు ఉంటే గొప్ప. దీపం పాతబడిన ప్రొజెక్టరైతే అదీ ఉండదు. అందుకే రాత్రి సీన్లు, గుహలు, నీటి అడుగు సీన్లు ఎక్కువున్న సాహస సినిమాను 2డీలో చూడటమే మేలు. పగటి పూట, ఆకాశం, కొండలు, విమానాలు అయితే 3డీ ఫర్వాలేదు.

వెళ్ళాక చేయాల్సినవి రెండు. కళ్ళజోడు అద్దాల మీద ముందు చూసినవాళ్ళ వేలిముద్రలుంటాయి, మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. ఈ పద్ధతి 3డీకి (పోలరైజ్డ్ అంటారు) వాడే వెండిపూత తెర వెలుగును ఎదురుగా ఎక్కువ, పక్కలకు తక్కువ తిప్పికొడుతుంది, అందుకని మధ్య సీట్లు చూసుకోండి.

నిజంగా 3డీ ఎంత ఉందో తెలియాలంటే సినిమా మధ్యలో రెండు నిమిషాలు కళ్ళజోడు తీసేయండి. బొమ్మ జోడుగా, అంచులు విడిపోయి కనపడిన చోట లోతు ఉన్నట్టు. ఒక్కటిగా, శుభ్రంగా కనపడిన చోట ఆ భాగం తెర మట్టానికే అతుక్కుని ఉన్నట్టు. 2డీలో తీసి తర్వాత మార్చిన కొన్ని సినిమాల్లో నిమిషాల తరబడి కళ్ళజోడు లేకుండానే హాయిగా చూసేయొచ్చు. అలా చూడగలిగితే మీ అదనపు డబ్బు ఎటు పోయిందో మీకే తెలుస్తుంది.

ఆ డబ్బు పెద్ద తెరకు పెట్టడం నయం. సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గాని నెల్లూరు నుంచి రైల్లో పోయిరాదగిన దూరమే. అక్కడ 2019లో తెరిచిన వి ఎపిక్ హాలు తెర వెడల్పు వంద అడుగుల పైమాటే. ఏ హాల్లోనైనా తెర వెడల్పు ఎంతో అంత దూరం నుంచి దానికి ఒకటిన్నర రెట్ల దూరం లోపు కూర్చుంటే తెర చూపును నింపుతుంది, మెడ తిప్పే పనీ ఉండదు. నలభై అడుగుల తెరకు నలభై నుంచి అరవై అడుగులు. సాహస సినిమాకైతే దగ్గరి కొస వైపు, గుద్దులాటలకైతే దూరపు కొస వైపు కూర్చోండి.

మా పిలకాయలకు ఎనిమిది, పద్నాలుగేళ్ళు. పోస్టరు మీద ‘యూఏ’ అని ఉంటే తీసుకుపోవచ్చా? – కనిగిరి తల్లి

ఒట్టి ‘యూఏ’ కాదు, పక్కనున్న అంకె చూడండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏను 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. ఆ వయసు లోపు పిల్లలను తీసుకెళ్ళాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం, గేటు దగ్గర ఆపరు. ‘ఏ’ అయితే 18 నిండనివాళ్ళకు ప్రవేశం లేదు. 16+ సినిమాకు ఎనిమిదేళ్ళ పిల్లను తీసుకెళ్ళొద్దనే మా సలహా. పెద్దవాడిని తీసుకెళ్ళాలనుకుంటే ముందు ట్రైలర్ కాకుండా తెలిసినవాళ్ళ మాట వినండి. ట్రైలర్లో నెత్తురు కత్తిరిస్తారు. ఓటీటీలో కూడా ఇవే అంకెలుంటాయి. అక్కడ పిల్లల ప్రొఫైల్ వేరే పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టకపోతే అంకెలు ఉండీ లాభం లేదు.

కార్లు పల్టీలు కొట్టేది నిజంగానా, గ్రాఫిక్సా? మావాడు అంతా కంప్యూటరే అంటాడు. – బుచ్చిరెడ్డిపాళెం పాఠకుడు

రెండూ ఉన్నాయి. నిజంగా తిప్పే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది ర్యాంపు. ఒక వైపు చక్రాలు మాత్రమే ఎక్కేలా ఇనుప ర్యాంపు పెట్టి వేగంగా తోలితే బండి ఆ ఊపుకే పక్కకు తిరగబడుతుంది. రెండోది క్యానన్. కారు అడుగున, డ్రైవర్ వెనక భాగంలో, లావాటి ఉక్కు గొట్టం నేల వైపు గురిపెట్టి వెల్డింగ్ చేస్తారు. డ్రైవర్ బండిని పక్కకు జారనిచ్చి మీట నొక్కగానే వాయువు పీడనానికి గొట్టంలోని దుంగ నేలను తంతుంది. ఆ తన్నుకు కారు గాల్లోకి లేచి దొర్లుతుంది. 2006లో వచ్చిన ‘కాసినో రాయల్’లో ఆస్టన్ మార్టిన్ కారు మామూలు ర్యాంపుతో సరిగ్గా తిరగబడలేదు, అంత కిందికి ఒదిగి నిలకడగా ఉండే బండి అది. అప్పుడు క్యానన్ పెట్టారు. ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కింది.

లోపల డ్రైవర్ బతకాలంటే కారంతా విప్పాల్సిందే. ఉక్కు పైపులతో పంజరం కడతారు, అసలు ట్యాంకు తీసి ఆ షాట్‌కు సరిపడా పెట్రోలు పట్టే చిన్న డబ్బా పెడతారు, సీటుకు నాలుగైదు పట్టీల బెల్టు వేస్తారు. మెడ కదలకుండా కట్టుదిట్టం చేస్తారు. మామూలుగా తప్పు జరిగేది వేగం లెక్క దగ్గర. తక్కువైతే కారు సగం లేచి పక్కకు వాలిపోతుంది, ఎక్కువైతే కెమెరాలు పెట్టిన చోటు దాటి దొర్లుతుంది.

మీవాడితో పందెం వేసుకోవాలంటే ఇలా చూడండి. నిజం కారు తిరగబడే ముందు ఒక వైపు స్ప్రింగులు అణిగి బండి కుంగుతుంది. నేలను తాకిన ప్రతిసారీ రేకు వంగుతుంది. ముందటి పల్టీలో వంగిన రేకు తర్వాతి పల్టీలో కూడా అలాగే ఉంటుంది. దుమ్ము కారు వెనకే లేచి కాసేపు గాల్లో నిలుస్తుంది. కంప్యూటర్ కారు కొన్నిసార్లు రబ్బరు బంతిలా ఎగురుతుంది. టన్నుకు పైగా బరువున్న వస్తువు అంత తేలిగ్గా రెండోసారి లేవదు.

ఈ పనికి గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. మన జాతీయ అవార్డుల్లో ఫైట్లకు విభాగం 64వ అవార్డుల నుంచి, అంటే 2016 సినిమాల నుంచి ఉంది. ఆస్కార్ వాళ్ళు 2027లో వచ్చే సినిమాలకు, 2028లో జరిగే వందో వేడుకలో మొదలుపెడుతున్నారు. ఈ లెక్కన మనమే ముందు. మన ఫైట్ మాస్టర్లు రామ్-లక్ష్మణ్ కూడా దూరపువాళ్ళు కాదు, ఒకప్పటి ప్రకాశం జిల్లా కారంచేడువాళ్ళే.

యాక్షన్‌కూ అడ్వెంచర్‌కూ తేడా ఏమిటి? మన తెలుగులో రెండోది ఉందా అసలు? – పొదిలి పాఠకుడు

యాక్షన్‌కు శత్రువు కావాలి, అడ్వెంచర్‌కు దారి కావాలి. ఎక్కడికి పోవాలి, ఎందుకు పోవాలి, మధ్యలో ఏం అడ్డం వస్తుంది అన్నది ప్రేక్షకుడికి పటం గీసినట్టు తెలియాలి. ఈ లెక్కన 1951 నాటి ‘పాతాళ భైరవి’ పక్కా అడ్వెంచర్. రాకుమారిని పెళ్ళాడాలంటే సిరి సంపాదించాలి, సిరి కోసం మాంత్రికుడి వెంట పోవాలి, పోయిన చోట తననే బలి ఇవ్వబోతున్నారని తెలియాలి. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు కారణం. 1971లో కృష్ణ హీరోగా వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ నిధి వేట కథ. గుర్రాలు, ఇసుక దిబ్బలు పెట్టి తెలుగులో కౌబాయ్ సినిమాకు దారి తీసింది. దాని దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ మీ పొరుగునున్న నెల్లూరు జిల్లా మనిషే.

ఇప్పటి సినిమాల్లో మాకు నచ్చనిది ఒక్కటే. దారి మాయమైపోయింది. హీరో ఒక పాటలో మంచుకొండ మీద, తర్వాతి సీన్లో ఎడారిలో ఉంటాడు. ఎన్నాళ్ళు నడిచాడు, నీళ్ళెక్కడ తాగాడు, కాలు బొబ్బలెక్కిందా అన్నది లేదు. ఉదయగిరి కోట ఎక్కినవాళ్ళకు తెలుసు, రెండో మలుపు దగ్గరే నీళ్ళ సీసా ఎంత మిగిలిందో చూసుకుంటారు. ఆ సీసాను చూపిస్తే చాలు, ప్రేక్షకుడికి కొండ ఎత్తు అర్థమైపోతుంది.

కొత్త 43 అంగుళాల టీవీ కొన్నాం. హాల్లో బాగున్న సినిమా ఇంట్లో సీరియల్‌లాగా జారుతున్నట్టుంది, పైనా కిందా నల్ల పట్టీలు, మాటల కోసం సౌండ్ పెంచితే పేలుళ్ళకు పక్కింటివాళ్ళు లేస్తున్నారు. – కందుకూరు పాఠకురాలు

మూడు జబ్బులు, మూడు మందులు.

జారుతున్నట్టు ఉండటానికి కారణం టీవీ లేని ఫ్రేములు పుట్టించి మధ్యలో ఇరికించడమే. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములే ఉంటే టీవీ వాటిని అరవై దాకా సాగదీస్తుంది. సెట్టింగుల్లో పిక్చర్‌లోకి వెళ్ళి ఈ అంశాన్ని ఆపేయండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది: సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేస్తే సరిపోతుంది. కొన్ని టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు సెట్టింగులు వేరుగా ఉంటాయి, సెట్‌టాప్ బాక్సుకు మార్చి ఓటీటీ స్టిక్‌కు మరిచిపోకండి. క్రికెట్‌కు మాత్రం ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు.

నల్ల పట్టీలు తప్పు కాదు. మీ టీవీ తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53 న్నర. స్కోప్ సినిమా వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు కాబట్టి బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లే వస్తుంది, పైనా కిందా దాదాపు ఏడేసి మిగులుతుంది. జూమ్ నొక్కి పట్టీలు పోగొడితే రెండు పక్కలా కలిపి బొమ్మలో పావు వంతు తెగిపోతుంది. ఫైటులో విలన్ సాధారణంగా ఆ పక్కనే ఉంటాడు. పట్టీలను వదిలేసి కుర్చీని ముందుకు జరపండి. ఈ సైజుకు నాలుగున్నర నుంచి ఆరడుగుల దూరం చాలు. మన ఇళ్ళలో సోఫా పది అడుగుల అవతల గోడకు ఆనించి ఉంటుంది, అక్కడి నుంచి చూస్తే ఎంత పెద్ద సినిమా అయినా చిన్నదే.

ఇక సౌండ్. ఆరు దారుల్లో రావాల్సిన సౌండ్‌ను టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించేసరికి మాట, మోత ఒకదాని మీదొకటి పడతాయి. సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్ గాని, ఆటో వాల్యూమ్ గాని, డైలాగ్ పెంచే అంశం గాని ఉంటే ఆన్ చేయండి. పెద్ద చప్పుడు అణిగి చిన్న మాట లేస్తుంది. సర్రౌండ్ అని రాసున్న మోడ్ ఉంటే ఆపేయండి, రెండు స్పీకర్లతో అది చేసేది ప్రతిధ్వని తప్ప మరేం కాదు. ఓటీటీలో ఆడియో జాబితాలో 5.1, స్టీరియో రెండూ కనిపిస్తే స్టీరియో ఎంచుకోండి. ఇంకొకటి, ఇప్పటి పల్చటి టీవీల్లో చాలావాటికి స్పీకర్లు కింది అంచున, నేల వైపు తిరిగి ఉంటాయి. టీవీ కింద అందం కోసం పరిచిన అల్లిక గుడ్డ ఉంటే తీసేయండి. మాటలో కొంత అది తాగేస్తుంది.